చేటలో పోసిన మాటలు

పైడిరాజుకి ఒక చెడ్డ అలవాటు ఉండేది. పనేమీ లేకుండా పెళ్ళాన్ని పిలవడం.

"వేణీ!" అని ముందుగదిలోంచి కేక పెట్టేవాడు. వంటింట్లోనో, లాప్‌టాప్ ముందరో ఉన్న సత్యవేణి "ఒక్క నిమిషం!" అనేది. ఆవిడ నిమిషం గడియారంలో ఉండే నిమిషం కాదు. ఒక్కోసారి పావుగంట, ఒక్కోసారి అరగంట. చేతిలో పని పూర్తిగా ముగించుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఏంటండీ?" అంటే, అతను పేపర్లోంచి తలెత్తి "ఏం లేదు. ఊరికే పిలిచా" అనేవాడు.

ఆమెకి ఒళ్ళు మండేది. "పనిలో ఉన్న మనిషిని ఊరికే పిలుస్తారా ఎవరైనా!" అని రుసరుసలాడుతూ వెళ్ళిపోయేది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఇది ఎన్ని వేలసార్లు జరిగిందో ఆ పైడితల్లమ్మవారికే తెలియాలి. ఇప్పుడు మాత్రం ఆ పిలుపు ఒక్కటంటే ఒక్కసారి వినపడితే చాలని అదే అమ్మవారికి మొక్కుకుంటోంది వేణి.

పైడిరాజు పడిపోయి ఏడు నెలలైంది. మెదడుకీ మెడకీ మధ్య ఎక్కడో చిన్న రక్తనాళం పూడుకుపోయింది. వేలు కదలదు, నాలుక కదలదు, చివరికి కనురెప్ప కూడా అతని మాట వినదు. కళ్ళు సగం తెరిచి ఉంటాయి. ఆ కళ్ళ వెనక మనిషి ఉన్నాడో, వెళ్ళిపోయాడో తెలుసుకునే దారే లేదు.

అదీ ఎలాంటి మనిషికి! విజయనగరం బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషికి. "గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్ళే బస్సు, చీపురుపల్లి, రాజాం మీదుగా పాలకొండ వెళ్ళే బస్సు..." అని ఒక్క ఊపిరిలో అరడజను బస్సుల్ని సాగనంపేవాడు. ఈయనకి బ్రేకుల్లేవని డ్రైవర్లు నవ్వుకునేవారు. ఇంట్లోనూ అంతే. వాళ్ళమ్మ బంగారమ్మ "చిన్నప్పుడు వస రెండు చుక్కలు ఎక్కువ పోసీసినానమ్మా, తప్పు నాదే" అని కోడలి దగ్గర ఒప్పుకునేది.

ఆ మనిషి ఇప్పుడు ఊరి చివర నాడీ పరిశోధన కేంద్రంలో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. మెడ దగ్గర్నించి వెంట్రుకంత సన్నటి తీగ ఒకటి బయటికి వచ్చి, అగరొత్తుల డబ్బా అంత పెట్టెలోకి వెళ్ళింది. ఆ పెట్టె తయారుచేసింది వేణే. ఆ కేంద్రంలో పదకొండేళ్ళ నుంచి ఇలాంటి చిన్న యంత్రాలకి బుద్ధులు నేర్పడమే ఆమె ఉద్యోగం. ముక్కూమొహం తెలియని రోగి ఎవరికోసమో అని మొదలుపెట్టిన పెట్టె చివరికి తన మొగుడికే వచ్చి చేరింది. ఏం చేస్తాం, రాత!

తీగకి అటు చివర, మెడ లోపల ఉన్నది పలుకుగింజ. ఆవగింజంత ఉంటుంది. మనం ఒక మాట అనాలనుకోగానే, నోరు తెరవకముందే, గొంతుకి వెళ్ళే నరం సన్నగా అదురుతుంది. నోరు పడిపోయినవాళ్ళకి కూడా ఆ అదురు ఉంటుంది, మనిషి లోపల ఉంటే. గింజ ఆ అదురుని పట్టుకుని అక్షరంగా మార్చి, ఒకదాని వెనక ఒకటిగా తీగ మీదికి తోస్తుంది. చీమలబారులా నడిచొచ్చిన ఆ అక్షరాల్ని పెట్టెలో ఉన్న చిప్పు అందుకోవాలి. చిప్పు వాకిట్లో అక్షరం నిలబడడానికి ఉన్నది ఒక్క గది. అందులో పట్టేది ఒక్క అక్షరం.

అక్షరం వచ్చిందా, వచ్చిందా అని మాటిమాటికీ వెళ్ళి చూసుకోవడం ఒక పద్ధతి. వచ్చినప్పుడల్లా ఒక గంట మోగి, చిప్పు తన పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తడం ఇంకో పద్ధతి. ఈ రెండోదాన్నే ఇంటరప్టు అంటారు. వేణి ఎప్పుడూ రెండోదే వాడుతుంది. కొత్తగా చేరినవాళ్ళ కోసం ఆమె గుండ్రటి చేతిరాతతో గోడమీది బోర్డు మీద ఒక వాక్యం కూడా ఉంది: "గంట మోగాక అక్కడ పని పెట్టుకోకు. తీసుకో, పక్కన పెట్టు, వచ్చెయ్."

గింజ పెట్టిన రోజు డాక్టర్ కామేశ్వరి మంచం పక్కనే నిలబడి సంగతంతా చెప్పింది. ఆవిడ మంచి మనిషి. మాట మాత్రం నిక్కచ్చి.

"చూడండి వేణి గారూ, ఒంట్లోకి కొత్త వస్తువు వస్తే ఒళ్ళు ఊరుకోదు. దాని చుట్టూ పొర అల్లేస్తుంది. అరవై రోజులకి అటూ ఇటూగా గింజ మూసుకుపోతుంది. అదే నరం మీద రెండోది పెట్టడానికి ఉండదు. ఏం మాట్లాడుకున్నా ఈ అరవై రోజుల్లోనే."

వేణి ఆ రోజు ముందుగానే ఒక ఏర్పాటు చేసి ఉంచింది. బస్టాండువాళ్ళ దగ్గరున్న పాత రికార్డింగులు తెచ్చుకుని, అందులోంచి పైడిరాజు గొంతుని అక్షరం అక్షరంగా కోసి పెట్టెలో పెట్టింది. అక్షరం రాగానే స్పీకరు అతని గొంతుతోనే దాన్ని పలుకుతుంది. రాగానే అంటే రాగానే, ఒక్క క్షణం కూడా ఆలస్యం కాకూడదు. ఏడు నెలలు ఆగిన మనిషి. ఇంక ఆగలేకపోయింది.

మొదటి అక్షరం "గా" అని వచ్చింది. అతని గొంతే. బంగారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి "లు" అంది స్పీకరు. తర్వాత "మ". తర్వాత "తి". ముగ్గురూ స్పీకరుకి చెవులొగ్గి కూర్చున్నారు. ఎంతసేపు కూర్చున్నా అక్షరాలు వస్తున్నాయే గానీ ఒకదానితో ఒకటి కలవడం లేదు. మాట కావడం లేదు.

ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, ఇరవై రోజులు అదే వరస. వేణి ప్రతి అక్షరం నోట్‌బుక్కులో రాసుకుని ముందునుంచి చదివింది, వెనకనుంచి చదివింది. అర్థం పుడితే ఒట్టు. వారం వారం అక్షరాలు ఇంకా చెల్లాచెదురయ్యాయి.

సోమవారం డాక్టర్ కామేశ్వరి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నరం అదురుతోంది, అది నిజమే. దాని వెనక ఆలోచన ఉన్నట్టు లేదమ్మా. నిద్రలో కాలు కొట్టుకున్నట్టు, అది ఉత్త అలవాటు. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. అప్పటికి ఒక్క మాటైనా రాకపోతే గింజ తీసెయ్యాలి. దేశం మొత్తానికి ఉన్నవి నాలుగు గింజలు. పార్వతీపురం నుంచి ఒక అమ్మాయి ఎదురుచూస్తోంది."

"తీసేస్తే ఈయన?"

"లోపల మనిషి లేరని రాయాల్సొస్తుంది. మామూలు వార్డుకి పంపుతాం."

అదంతా మంచం పక్కనే జరిగింది. లేడనుకున్న మనిషి ముందు మనం గొంతు తగ్గించుకోం కదా. ఆ సాయంత్రం నుంచి స్పీకరు మూగబోయింది. మంగళవారం అంతా ఒక్క అక్షరం రాలేదు.

బుధవారం పొద్దున్న వేణి లేచేసరికి ఇంట్లో గంట మోగుతోంది.

వాళ్ళది గంటస్తంభం దగ్గర మూడో అంతస్తు. లిఫ్టు లేదు. బంగారమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని బాల్కనీ కమ్మీకి తాడు కట్టి, తాడు చివర వెదురుబుట్ట, కమ్మీ దగ్గర చిన్న ఇత్తడి గంట ఏర్పాటు చేసుకుంది. వీధిలో పాలవాడో, ఆకుకూరలమ్మో వచ్చి తాడు కుదిపితే పైన గంట మోగుతుంది. బంగారమ్మ ఏ పనిలో ఉన్నా పొయ్యి తగ్గించి, వచ్చి, బుట్ట లాగి, అందులో ఉన్నది బాల్కనీలో ఉన్న చేటలో గుమ్మరించి, బుట్ట మళ్ళీ కిందికి దించేసి పొయ్యి దగ్గరికి పోతుంది. ఏడింటికి మొదలైతే ఏడున్నర దాకా ఒకళ్ళ వెనక ఒకళ్ళు వస్తూనే ఉంటారు. అందరూ వెళ్ళాక కాళ్ళు చాపుకుని కూర్చుని చేటలోది ఏరుకుంటుంది.

"వేణీ, అట్టు పెనం మీదుంది, బుట్ట నువ్వు లాగమ్మా!"

వేణి వెళ్ళి లాగింది. నాలుగు తోటకూర కట్టలు. కమ్మీ మీద బుట్ట ఆనించుకుని, కట్ట విప్పి, పుచ్చు ఆకు ఏరడం మొదలుపెట్టింది. మనసు అక్కడుంటేగా! శుక్రవారం దగ్గరే ఆగిపోయి ఉంది. కింద ఎవరో కేకేశారు. ఆమె ఒక్క నిమిషం అంది. ఇంకో ఆకు తుంపింది. కింద ఇంకెవరో కేకేశారు. ఆమె రెండో కట్ట విప్పింది.

అట్లకాడ చేత్తో పట్టుకునే బంగారమ్మ బయటికి వచ్చేసింది.

"ఏటే ఇది! బుట్ట పైన పెట్టుకుని ఆకు ఏరుతున్నావేటి?"

"పుచ్చులున్నాయి అత్తా..."

"పుచ్చులుంటే తరవాత సూసుకుంటావు! బుట్ట నీ సేతిలో ఉంటే కిందోళ్ళు దేంట్లో ఎయ్యాల? పెరుగమ్మి అరిసి అరిసి ఎల్లిపోనాది. మునక్కాయలోడూ ఎల్లిపోనాడు. ముందు సేటలో గుమ్మరించీ, బుట్ట దించీ. ఏరుకోడం తీరిగ్గా. ఇంత సదువు సదివినావు, ఇది కూడా నానే సెప్పాలా!"

వేణి చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. తీసుకో, పక్కన పెట్టు, వచ్చెయ్. ఆ మాట రాసింది ఎవరు? తనే. బోర్డు మీద మూడేళ్ళుగా ఉంది. మరి తన పెట్టెలో గంట మోగినప్పుడు చిప్పు చేస్తున్నదేమిటి? అక్షరం పట్టుకుని, అక్కడే వాకిట్లో నిలబడి, స్పీకర్లో దాన్ని తీరిగ్గా పలికించి, గొంతు చివరిదాకా వినిపించి, అప్పుడు గానీ తలుపు వదలడం లేదు. ఈలోగా వచ్చినవాళ్ళు?

"అత్తా," అంది వేణి, "ఈయన ఎంత వేగంగా మాట్లాడేవారు?"

"ఏటా ప్రశ్న? ఆడి మాట అందుకోడం మనిషి వల్ల అయ్యేదా?"

వేణి బుట్ట అత్తగారి చేతిలో పెట్టి, జుట్టు కూడా దువ్వుకోకుండా మెట్లు దిగింది.

చిప్పులో ఒక మూల ఒక చిన్న జెండా లాంటిది ఉంటుంది. గదిలో ఉన్న అక్షరం తీయకముందే ఇంకోటి వచ్చి వెనక్కి పోతే, అది లేచి నిలబడుతుంది: "నువ్వు రాలేదు, ఒకటి పోయింది" అని. వేణి దానివైపు ఎన్నడూ చూడలేదు. చూడాల్సిన పనేముంది? పరదేశాల్లో గింజ పెట్టుకున్నవాళ్ళు నిమిషానికి నాలుగు అక్షరాలు పంపితే అదే గొప్ప అన్నారు. ఆమె పరీక్ష చేసింది కూడా కీబోర్డు మీద సెకనుకొక అక్షరం కొట్టి. అంతా చక్కగా పనిచేసింది. కొట్టింది తను కదా, పైడిరాజు కాదు.

కేంద్రానికి వచ్చీరాగానే ఇరవై రోజుల చిట్టా తెరిచి ఆ జెండా సంగతి చూసింది. ప్రతి అక్షరం పక్కనా జెండా లేచే ఉంది. ఒక్కచోట కూడా అది దిగి లేదు. చెప్పేందుకే నీతులున్నాయన్న మాట ఊరికే పుట్టలేదు!

వేణి కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుపు వచ్చింది, దానితోపాటు నవ్వూ వచ్చింది. అతని బుర్ర చెదిరిపోలేదు. అది పూర్తి వేగంతో నడుస్తోంది. నిమిషానికి నాలుగు కాదు, సెకనుకి ఏడో ఎనిమిదో అక్షరాలు తోస్తున్నాడు. వాటిలో ఒకటి పట్టుకుని, దాన్ని ముద్దుగా పలికించుకుంటూ, మిగతావన్నీ వీధిలో వదిలేసింది తను. వినాలన్న ఆత్రమే చెవులు మూసేసింది.

సరిచేయడం ఎంతసేపు! గంట మోగిన చోటనుంచి స్పీకరు పనంతా తీసేసింది. చిప్పు జ్ఞాపకంలో పెద్ద ఖాళీ చోటు కేటాయించి, దానికి "చేట" అని పేరు పెట్టింది. గంట మోగితే అక్షరం తీసి చేటలో పడెయ్యడం, వెనక్కి వచ్చెయ్యడం. అంతే. చేటలోది ఏరి తెర మీద రాయడం తర్వాత సంగతి. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. బంగారమ్మని ఆటోలో రప్పించింది, డాక్టర్ కామేశ్వరిని పిలిచింది. ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు.

తెర ఖాళీగా ఉంది.

పది నిమిషాలు గడిచాయి. ఇరవై. డాక్టర్ గారు గడియారం చూసుకోలేదు గానీ, చూసుకోకుండా ఉండడానికి కష్టపడుతున్నట్టు తెలుస్తోంది. వేణి పెట్టెనీ తీగనీ ఇంకోసారి తడిమి చూసుకుంది. పెట్టె బాగుంది, తీగ బాగుంది. మనిషే చెప్పడం మానేశాడు. సోమవారం మాటలు విన్నాడు. ఎవరూ వినడం లేదని, లోపల మనిషి లేడని రాసేస్తారని విన్నాక ఇంక ఎవరితో మాట్లాడతాడు?

ఆమె లేచి మంచం మీద, అతని పక్కన కూర్చుంది. కదలని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఏవండీ," అంది. అందరూ ఉన్నారన్న సిగ్గు కూడా లేకపోయింది. "తప్పు మీది కాదు. మీరు చెప్పినవన్నీ సరిగ్గానే వచ్చాయి. నేనే తీసుకోలేదు. ఒకటి పట్టుకుని మురిసిపోతూ కూర్చున్నాను, మిగతావన్నీ పోగొట్టాను. మీకు తెలుసుగా నా సంగతి, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూనే ఉంటాను. ఇప్పుడు అననండీ. మీరెంత వేగంగా చెప్పినా తీసుకుంటాను. ఇంకొక్కసారి నన్ను నమ్మండి."

కిటికీ బయట ఉడత ఒకటి గోడెక్కి వెళ్ళిపోయింది. బంగారమ్మ ముక్కు తుడుచుకుంది.

తెర మీద ఒక అక్షరం పడింది. ఇంకోటి పడింది. ఆ తర్వాత వరద వచ్చినట్టు వచ్చేశాయి. గింజకి చుక్కలూ కామాలూ తెలియవు. పైడిరాజుకి అంతకన్నా తెలియవు.

"హమ్మయ్య వచ్చావా ముందు ఆ ఫ్యాను అటు తిప్పు ఇరవై రోజులుగా మొత్తుకుంటున్నా గాలి నేరుగా కళ్ళల్లో కొడుతోంది అమ్మా నీ మోకాళ్ళ నూనె రెండో సీసా బీరువా మీద పాత సూట్‌కేసు వెనకాల పెట్టా వెతుక్కుంటూ ఉంటావ్ డాక్టర్ గారూ నమస్తే మీరు మంచివారే కానీ నేను ఉన్నాను వేణీ ఇదేం పనే నా గొంతు పెట్టి నన్నే నత్తివాణ్ణి చేశావు బస్టాండువాళ్ళు వింటే పరువు పోయేది..."

"ఓరి నాయనా! నూనె కోసం ఇల్లంతా ఎతికీసినాను రా!" బంగారమ్మ కొడుకు పాదాల మీద పడి గట్టిగా ఏడ్చేసింది. డాక్టర్ కామేశ్వరి లేచి వెళ్ళి ఫ్యాను అటు తిప్పింది. తిప్పి, గోడవైపు మొహం పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది.

వేణి నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. "అంత కంగారేంటండీ మీకు? కాస్త నెమ్మదిగా చెప్పకూడదూ?"

"అరవై రోజులే అన్నారుగా నా పక్కనే నిలబడి బస్సు కదిలిపోతోందనుకున్నా ఎక్కించాల్సినవి చాలా ఉన్నాయి నువ్వేమో ఒక్కో అక్షరం పలికిస్తున్నావ్ అవి విని సరిపోవడం లేదని ఇంకా వేగం పెంచా"

ఒకరికొకరు అందాలని ఇద్దరూ పరిగెత్తారు. పరిగెత్తేకొద్దీ అందకుండా పోయారు. వేణి అతని చెయ్యి తీసి బుగ్గకి ఆనించుకుంది.

శుక్రవారం కమిటీ నుంచి ముగ్గురు పెద్ద డాక్టర్లు వచ్చారు. ప్రశ్నల కాగితం తెచ్చుకున్నారు. అందులో మొదటిది ఇంకా అడగనే లేదు, తెర మీద వచ్చేసింది:

"ప్రయాణికులకు గమనిక పైడిరాజు బుర్ర రద్దయిందన్న వార్త నిజం కాదు బుర్ర ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది ఆలస్యం చేసింది ఎక్కాల్సినవారే"

వాళ్ళలో అందరికన్నా పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. పార్వతీపురం అమ్మాయికి వేరేచోట్లకి కేటాయించిన మూడు గింజల్లోంచి ఒకటి ఇచ్చేలా ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి పెట్టెలో చేట మొదటి రోజు నుంచే ఉంటుందని వేణి మాటిచ్చింది.

ఆ తర్వాతి వారం పైడిరాజుని ఇంటికి తెచ్చేసుకున్నారు. మూడు అంతస్తులు, నలుగురు మనుషులు, ఒక మడత కుర్చీ. వీధి వీధంతా కిటికీల్లోంచి చూసింది. మాట మొదలైనప్పుడల్లా పెట్టె చేసే కీచు చప్పుడు బంగారమ్మకి నచ్చలేదు. "బుట్ట గంట తెచ్చి కట్టు, అదే బాగుంటాది" అంది. వేణి కమ్మీకున్న ఇత్తడి గంట విప్పి, ఒక చిన్న అయస్కాంతం అమర్చింది. అతను మాట మొదలుపెడితే గంట ఒకసారి మోగుతుంది. పాలవాడికీ కూరలవాళ్ళకీ కేకలే గతి అయ్యాయి.

గంట మోగితే వేణి ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చేది. స్నానం మధ్యలో కూడా ఒకసారి వచ్చింది, సబ్బు నురగతో. "నేనేం తొందర పెట్టలేదే" అన్నాడతను. ఎన్ని చెప్పుకున్నారో! ఏడు నెలలూ అన్నీ విన్నానన్నాడు. "ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చి ఏమీ మాట్లాడకుండా నా గోళ్ళు తీసి వెళ్ళేదానివి అప్పుడు ఎంత బాగుండేదో చెబుదామనుకునేవాణ్ణి చెప్పే వీలు లేదు" అన్నాడు. వాళ్ళమ్మతో చిన్నప్పటి గొడవలన్నీ తవ్వి పోశాడు. కాకరకాయ వేపుడు వాసన బాగుందన్నాడు. ఆ మాటకి బంగారమ్మ ఆ వారం నాలుగుసార్లు కాకరకాయే చేసింది.

ఇంకో సంగతి ఏమిటంటే, అతను నెమ్మదించాడు. మొదట్లో గింజ మూసుకుపోతోందేమోనని వేణి భయపడింది. అదేం కాదు. ప్రతి అక్షరం అందుతోందన్న నమ్మకం కుదిరింది, అంతే. తొందరపడాల్సిన పనేముంది ఇంక? బ్రేకుల్లేవని పేరుపడ్డ మనిషి ఒక్కోరోజు మధ్యాహ్నం అంతా ఒక్క మాట కూడా అనేవాడు కాదు. ఆమె పక్కన కూర్చుని తన పని చేసుకునేది. ఇద్దరికీ అలాగే బాగుండేది.

యాభై అయిదో రోజు దాటాక పొర కమ్మడం తెలిసిపోయింది. అక్షరాలు ఆగి ఆగి వచ్చేవి. డాక్టర్ కామేశ్వరి వచ్చి చూసి, ఈసారి వరండాలోకి తీసుకెళ్ళి చెప్పబోయింది. వేణి ఆవిడని మంచం దగ్గరికే తీసుకొచ్చింది. "ఇక్కడే చెప్పండి డాక్టర్ గారూ, ఆయన కూడా వినాలి" అంది. ఆవిడ అతని మొహంలోకి చూస్తూ చెప్పింది. అతను "తెలుసండీ" అన్నాడు. ఆ ఒక్క మాటకి చాలాసేపు పట్టింది. గింజ మూసుకుపోయినా మనిషి ఎక్కడికీ పోడని, లోపల ఉన్నాడని అందరికీ తెలుసని, తెలిశాక ఉన్నట్టే మాట్లాడాలని ఆవిడ తనంతట తనే అంది.

అరవై మూడో రోజు. పొద్దున్న పదకొండు గంటలు. రెండు రోజులుగా గంట మోగలేదు. వేణి వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తోంది. నూనె కాగింది, ఆవాలు చిటపటమంటున్నాయి, ఎండుమిరప చేతిలో ఉంది.

గంట మోగింది. ఉందా లేదా అన్నంత సన్నగా.

వేణి మిరపకాయ అక్కడే పడేసింది. పొయ్యి సంగతి కూడా చూడలేదు. "వచ్చా, వచ్చా" అంటూ పరిగెత్తి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తెర మీద రెండక్షరాలు ఉన్నాయి: "వేణీ".

"ఇక్కడే ఉన్నానండీ. చెప్పండి."

వంటింట్లో ఆవాలు మాడుతున్న వాసన వచ్చింది. బంగారమ్మ "అయ్యో తాలింపు!" అంటూ కాళ్ళీడ్చుకుని అటు వెళ్ళింది. వేణి కదల్లేదు. ఒక అక్షరం వచ్చింది. చాలాసేపటికి ఇంకోటి. చిప్పు దేన్నీ వదలకుండా ఒక్కొక్కటీ తీసి చేటలో వేసుకుంది. వాక్యం పూర్తవడానికి దగ్గర దగ్గర పావుగంట పట్టింది.

"ఏం లేదు ఊరికే పిలిచా"

వేణి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదువుకుని, మళ్ళీ నవ్వింది. అతని చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది.

ఆ తర్వాత గంట మోగలేదు. ఆ రోజూ మోగలేదు, ఇంకెప్పుడూ మోగలేదు.

వంటింట్లోంచి బంగారమ్మ అడిగింది. "ఏటంటాడే?"

"ఏం లేదట అత్తా. ఊరికే పిలిచారట."

లోపల గరిట చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"మరైతే కూకోవే ఆడి దగ్గర. పొయ్యి నాను సూసుకుంటాను."

వేణి కూర్చుంది.